మారుమూల ఎవరికి? బైలడిల్లా కొండ అడిగే లెక్క

(ఊరి చివరి మాట – 11)

పోయిన వారం పోడు భూముల మీద రాసింది చదివి, ఎంఏ చదువుతున్న ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అక్కా, మీరు చెప్పేదంతా నిజమే అనుకుందాం. కానీ ఆ మారుమూల అడవిలో వేల కోట్ల ఇనుము ఊరికే పడి ఉంటే ఎవరికి లాభం? తవ్వితేనే కదా రోడ్డు వస్తుంది, బడి వస్తుంది, ఉద్యోగం వస్తుంది. రిజర్వేషన్లో మనోళ్ళకీ నాలుగు నౌకరీలు దొరుకుతాయి. అన్నిటికీ అడ్డం పడితే ఎట్లా?"

ఆ తమ్ముడు వెటకారంగా అడగలేదు. వాళ్ళ నాన్న తాపీ పనికి వెళ్ళే కూలీ. ఆ ఇంట్లో మొదటి డిగ్రీ అతనిదే. అలాంటి ఇంట్లో ఉద్యోగం అనే మాటకి ఎంత బరువుంటుందో నాకు తెలుసు. కాబట్టి "నీకు చైతన్యం లేదు" అని తోసిపుచ్చను. జవాబు చెప్తాను. సిద్ధాంతంలోంచి కాదు, ఒక కొండ దగ్గర్నుంచి చెప్తాను.

మారుమూల ప్రాంతంలో పెద్ద ఇనుప గని తవ్వితే అక్కడి జనం బాగుపడతారా? ఇది ఊహించి చెప్పాల్సిన ప్రశ్న కాదు. తవ్వి చూశారు. యాభై ఏళ్ళు దాటింది. ఫలితం కళ్ళముందే ఉంది. ఆ కొండ పేరు బైలడిల్లా.

*

బైలడిల్లా అంటే ఎద్దు మూపురం. ఛత్తీస్‌గఢ్ దక్షిణ కొసన, దంతెవాడ జిల్లాలో, దూరం నుంచి చూస్తే ఎద్దు మూపురంలా కనిపించే కొండల వరస. చుట్టూ ఉన్నవి ఆదివాసీ ఊళ్ళు. ఆ కొండల్లో దొరికేది దేశంలోనే మేలురకం ఇనుప ఖనిజం. నూటికి 65 పాళ్ళకు పైగా ఇనుమే.

1930లలో జియలాజికల్ సర్వే తరఫున క్రూక్‌షాంక్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ కొండలన్నీ తిరిగి, పటం గీసి, 14 నిక్షేపాలుగా లెక్కగట్టాడు. అప్పట్నుంచీ కొండలకు నంబర్లు పడ్డాయి. డిపాజిట్ 5, డిపాజిట్ 11, డిపాజిట్ 14. ఆదివాసీలకు మాత్రం ఆ కొండలకు పేర్లున్నాయి. 13వ నంబరు వేసిన కొండ వాళ్ళకు నందరాజ్ దేవుడిది, పిట్టోడ్ రాణిది. నేను సాహిత్యం చెప్పుకునే మనిషిని కాబట్టి మాటల దగ్గర ఆగుతాను. పేరున్నంతకాలం అది దేవుడు. నంబరు పడ్డాక అది సరుకు. మన ఊళ్ళలో కూడా అందరికీ ఇంటిపేర్లు ఉండగా మనల్ని కులం పేరుతో పిలిచారు. మనిషినైనా కొండనైనా వాడుకోవాలంటే ముందు పేరు తీసేయాలి.

1958లో ఎన్ఎండీసీ పుట్టింది. 1960లో భారత ప్రభుత్వం జపాన్ ఉక్కు కంపెనీలతో ఒప్పందం చేసుకుంది. ఏటా బైలడిల్లా నుంచి 40 లక్షల టన్నుల ఖనిజం పంపాలి. ఆ ఒప్పందం ఢిల్లీకీ టోక్యోకీ మధ్య జరిగింది. కొండ కింద ఊళ్ళని అడగాలన్న ఆలోచన ఆ రెండు చోట్లా లేదు. రాజ్యాంగంలో అయిదో షెడ్యూలు అప్పటికే ఉంది. అయినా "మీ కొండ మాకు కావాలి, ఇస్తారా?" అని ఊరిని అడగాలనే నియమం అప్పటికి ఏ చట్టంలోనూ లేదు.

ఒప్పందం అయ్యాక ఖనిజం సముద్రానికి చేరాలి. అందుకోసం వేసిందే కొత్తవలస - కిరండోల్ రైలు మార్గం. మన విజయనగరం జిల్లా కొత్తవలస దగ్గర మొదలై, అనంతగిరి కొండలెక్కి, అరకు, కోరాపుట్, జగదల్‌పూర్ దాటి కిరండోల్ చేరేసరికి దాదాపు 445 కిలోమీటర్లు. యాభైకి పైగా సొరంగాలు. కొండ చరియల్లో, వానల్లో, మలేరియా జ్వరాల్లో ఆ పని చేసిన కూలీలెవరో వేరే చెప్పక్కర్లేదు. 1968లో డిపాజిట్ 14 నుంచి ఖనిజం మొదలైంది. విశాఖ రేవులో పెద్ద ఓడలు ఆగాలని 1970లలో ఔటర్ హార్బర్ కట్టారు. దానికి కూడా ముఖ్య కారణం ఈ ఖనిజమే.

మా మేనమామ ఒకాయన రైల్వేలో గ్యాంగ్‌మన్. ఆ లైను మీద చాలా ఏళ్ళు పట్టాలు సరిచేశాడు. ఆయన పెద్దగా చదువుకోలేదు. నా చిన్నప్పుడు ఒకసారి అన్నాడు: "మా లైన్లో బండి దిగేటప్పుడు బరువు, ఎక్కేటప్పుడు ఖాళీ." అప్పట్లో అది రైలు గురించి చెప్పిన మాట అనుకున్నాను. కొండ దిగి విశాఖ వైపు వచ్చే వ్యాగన్లు ఖనిజంతో నిండుగా వస్తాయి, తిరిగి కొండెక్కేటప్పుడు ఉత్తవే వెళ్తాయి. నిజానికి బస్తర్ అభివృద్ధి చరిత్ర మొత్తం ఆ ఒక్క వాక్యంలో ఉంది. పీహెచ్‌డీ చేసి కూడా నేను దానికి కలపగలిగింది ఏమీ లేదు.

*

ఇప్పుడు ఆ "మారుమూల" అనే మాట చూద్దాం.

1968లో బైలడిల్లా రాయి జపాన్ కొలిమి దాకా చేరింది. కొండ దిగి, సొరంగాలు దాటి, సముద్రం మీద వేల కిలోమీటర్లు వెళ్ళింది. మరి ఆ కొండ మారుమూల ఎట్లా అయింది? రాయికి దారి ఉంది. రాయి కింద బతికే మనిషికి ఆస్పత్రికి పోయే దారి లేదు. అదే లైను మీద మనుషుల కోసం నడిచింది దశాబ్దాల పాటు రోజుకి ఒకటీ అరా బండి. ఇప్పుడు ఆ బండికి అద్దాల పెట్టె తగిలించారు. మనం అరకు దాకా వెళ్ళి, బొర్రా దగ్గర వీడియోలు తీసుకుని, అద్దంలోంచి పక్క పట్టాల మీద పోయే ఎర్రటి వ్యాగన్లను కూడా ఫోటో తీసి పెట్టుకుంటున్నాం. అందులో ఏముందో అడగం.

మారుమూల అంటే దూరం కాదు మిత్రులారా. మన వాడ ఊరికి ఎంత దూరం? రెండు వందల గజాలు. పొలం పనికి, చచ్చిన గొడ్డుని లాగడానికి, డప్పు కొట్టడానికి మన వాడ చాలా దగ్గర. నీళ్ళకీ, బడికీ, రోడ్డుకీ వచ్చేసరికి చాలా దూరం. పనికి దగ్గర, హక్కుకి దూరం. వెలివాడ అంటే అర్థం అదే. బైలడిల్లాకి కూడా అదే లెక్క. ఇనుముకి దగ్గర, నీళ్ళకి దూరం. ఈ దేశం ఇనుము కోసం కట్టుకున్న వెలివాడ బస్తర్.

వెలివాడలో పుట్టిన మనకి ఈ సంగతి ఒకరు చెప్పాలా? చెప్పాల్సి వస్తోంది. అదే నా బాధ.

*

తవ్వితే ఉద్యోగాలు వస్తాయన్నాడు తమ్ముడు. వచ్చాయి. ఎవరికి వచ్చాయో చూద్దాం.

చదువున్న ఉద్యోగాలన్నీ బయటి నుంచి వచ్చినవాళ్ళకి. అందులో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. ఆదివాసీలకు దొరికింది ఎక్కువగా కాంట్రాక్టు కూలి. రాళ్ళు కొట్టడం, తట్టలు మోయడం. యంత్రాలు రాగానే ఆ కూలి కూడా పోయింది. పని తీసేసినందుకు వేల మంది కాంట్రాక్టు కార్మికులు సమ్మె కట్టారు. 1978 ఏప్రిల్ 5న కిరండోల్‌లో పోలీసులు వాళ్ళ మీద కాల్పులు జరిపారు. కార్మికులు చనిపోయారు, గుడిసెలు కాలిపోయాయి. ప్రభుత్వ రంగ సంస్థ గనిలో, ఎమర్జెన్సీ పోయి ప్రజాస్వామ్యం తిరిగొచ్చిందని దేశమంతా సంబరపడుతున్న ఏడాదిలో జరిగిన సంగతి ఇది. మన సిలబస్‌లో కార్మికోద్యమ చరిత్ర ఉంటుంది. కిరండోల్ ఉండదు.

ఆడవాళ్ళ సంగతి ఇంకా ఘోరం. గనితో పాటు వచ్చిన బయటి మగవాళ్ళు ఆదివాసీ స్త్రీలను వాడుకుని వదిలేయడం ఎంత దాకా పోయిందంటే, అప్పుడు బస్తర్ కలెక్టర్‌గా ఉన్న బి.డి. శర్మ దాని మీద విచారణ చేయించి, వందల మంది మగవాళ్ళ చేత ఆ స్త్రీలను పెళ్ళి చేసుకునేలా చేయాల్సి వచ్చింది. పెళ్ళి న్యాయమా కాదా అన్నది వేరే చర్చ. ఒక గని తెరిచిన మూడు నాలుగేళ్ళకే జిల్లా కలెక్టర్ చేయాల్సి వచ్చిన పని అది. అభివృద్ధి మొదట ఎవరి ఒంటి మీద నడుస్తుందో దళిత స్త్రీలకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇక నీళ్ళు. దంతెవాడ ఊరి దగ్గర శంఖిని, డంకిని అని రెండు నదులు కలుస్తాయి. ఖనిజం కడిగిన ఎర్రమట్టి, గుట్టలు పోసిన పొడి వానలకి కొట్టుకొచ్చి వాగుల్లో పడి శంఖిని ఎర్రగా పారింది. తాగే నీళ్ళు, పశువుల నీళ్ళు, మడి నీళ్ళు అన్నీ అవే. 1927లో మహాడ్ చెరువు నీళ్ళు తాగడానికి మన జనం దెబ్బలు తిన్నారు. ఆ నీళ్ళని మనకు ముట్టనివ్వలేదు. ఇక్కడ నీళ్ళని ముట్టుకోవచ్చు, కానీ తాగలేరు. రెండు చోట్లా నీళ్ళ మీద పెత్తనం తాగేవాడిది కాదు.

అది చాలదన్నట్టు 2000 దశకంలో బైలడిల్లా నుంచి విశాఖ దాకా 267 కిలోమీటర్ల పైపులైను వేశారు. ఖనిజాన్ని పొడిచేసి, నీళ్ళలో కలిపి, బురదలా చేసి పైపులో తోస్తారు. అంటే ఇప్పుడు రాయితో పాటు నీళ్ళు కూడా కొండ దిగుతున్నాయి.

చదువు వస్తుందన్నాడు. గని తెరిచిన 43 ఏళ్ళ తరవాత, 2011 జనాభా లెక్కల్లో దంతెవాడ జిల్లా అక్షరాస్యత నూటికి 42. దేశంలో అట్టడుగున ఉన్న జిల్లాల్లో ఒకటి. ఒక తరం కాదు, రెండు తరాలు గని పక్కనే పుట్టి పెరిగాయి. దేశానికి అత్యుత్తమ ఇనుము ఇచ్చిన జిల్లాలో సగం మందికి పైగా తమ పేరు రాసుకోలేని స్థితి. ఎక్కేటప్పుడు ఖాళీ అంటే ఇదే.

*

"డబ్బులు ఇస్తున్నారు కదా అక్కా" అని ఇంకొకరు అంటారు. నిజమే. లెక్క చూద్దాం.

ఖనిజం తవ్వితే రాష్ట్రానికి రాయల్టీ వస్తుంది. 2009 దాకా ఇనుప ఖనిజం రాయల్టీ టన్నుకి ఇన్ని రూపాయలు అని ఉండేది. మేలురకానికి కూడా అది 30 రూపాయలు దాటలేదు. ప్రపంచ మార్కెట్లో టన్ను వేల రూపాయలు పలుకుతున్న రోజుల్లో సంగతి ఇది. ఇప్పుడు రాయల్టీ ధరలో 15 శాతం. అది పోయేది రాష్ట్ర ఖజానాకి, కొండ కింద ఊరికి కాదు. గని ప్రభావిత జనం కోసం జిల్లా ఖనిజ నిధి అని ఒకటి పెట్టారు. అది ఎప్పుడో తెలుసా? 2015లో. పాత లీజులైతే రాయల్టీలో 30 శాతం దానికి కట్టాలి. అంటే వంద రూపాయల ఖనిజానికి నాలుగున్నర రూపాయలు. 1968 నుంచి 2015 దాకా ఆ నాలుగున్నర కూడా లేదు. వచ్చిన తరవాత కూడా ఆ డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలో తేల్చేది కలెక్టరాఫీసు, మంత్రులు. దాని మీద ఊరి పెత్తనం లేదు.

కంపెనీ బళ్ళు కట్టించింది, ఆస్పత్రి నడుపుతోంది, గీదం దగ్గర జావంగలో పెద్ద విద్యా ప్రాంగణానికి డబ్బులిచ్చింది. కాదనను. అక్కడ చదువుకునే పిల్లల్ని చూసి సంతోషిస్తాను కూడా. కానీ మన తాతలు పాలేర్లుగా పనిచేసిన ఇళ్ళు గుర్తు తెచ్చుకోండి. సంక్రాంతికి దొర కొత్త పంచె పెట్టేవాడు. పంచె మంచిదే. కానీ అది కూలి కాదు. కూలి అడిగితే పంచె చూపించేవాడు. వాటా వేరు, దయ వేరు. ఆ తేడా తెలుసుకోడానికే కదా మనకి నూరేళ్ళు పట్టింది? మనకి తెలిసిన ఆ తేడాని బస్తర్ దగ్గరికి వచ్చేసరికి ఎందుకు మర్చిపోతున్నాం?

ఎన్ఎండీసీ ఇప్పుడు ఏటా 4 కోట్ల టన్నులకు పైగా ఖనిజం తీస్తోంది. అందులో పెద్ద భాగం బైలడిల్లాదే. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం ఎక్కడుందో చాలామంది విద్యార్థులకు తెలియదు. హైదరాబాద్, మాసబ్ ట్యాంక్. సిటీ బస్సులో రోజూ దాని ముందు నుంచే వెళ్తుంటారు. కొండ దంతెవాడలో, లెక్కల పుస్తకం మాసబ్ ట్యాంక్‌లో. కాబట్టి ఇది ఎక్కడో పక్క రాష్ట్రం గొడవ అనకండి. రైలు మనది, రేవు మనది, ఆఫీసు మనది. మారుమూల మాత్రం వాళ్ళది.

*

ఇప్పుడు అసలు కష్టమైన మాట. ఇది కంపెనీలతో కాదు, మనతో మనం మాట్లాడుకోవాల్సింది.

"విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు." 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలిచ్చారు. 64 ఊళ్ళు ఖాళీ అయ్యాయి. వాళ్ళలో దళితులు, మత్స్యకారులు, వెనకబడిన కులాల చిన్న రైతులు ఉన్నారు. ఆర్ కార్డు చేతిలో పట్టుకుని ఉద్యోగం కోసం ఎదురు చూస్తూనే ముసలివాళ్ళయిన మనుషులు ఉన్నారు. 2021 జనవరిలో కేంద్రం ఆ ఫ్యాక్టరీని అమ్మేస్తామంది. నేను ఆ అమ్మకానికి వ్యతిరేకం. కార్మికుల దీక్షా శిబిరానికి వెళ్ళాను, రేపు పిలిచినా వెళ్తాను. ఫ్యాక్టరీ ప్రైవేటు చేతికి పోతే రిజర్వేషన్ పోతుంది. మన పిల్లలకి ఉన్న కొద్ది తలుపుల్లో ఒకటి మూసుకుపోతుంది. కీలక పరిశ్రమలు రాజ్యం చేతిలోనే ఉండాలని బాబాసాహెబ్ 1947లోనే 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో రాశాడు. అందులో నాకు రెండో మాట లేదు.

కానీ ఆ శిబిరంలో ప్రతి ఉపన్యాసంలో ఒక డిమాండ్ వినపడుతుంది. "విశాఖ ఉక్కుకి సొంత గనులు కేటాయించాలి." ఫ్యాక్టరీ నష్టాలకి సొంత గనులు లేకపోవడం పెద్ద కారణం, అది నిజం. ఎన్ఎండీసీ దగ్గర ఖనిజం కొనుక్కోవాలి, అది నిజం. కానీ సొంత గని అంటే ఏమిటి? ఎవరి కొండ అది? చప్పట్లు కొట్టే మనలో ఒక్కరం కూడా ఆ ప్రశ్న అడగలేదు. నేనూ అడగలేదు. ఒప్పుకుంటున్నాను.

ఉక్కు ఆంధ్రుల హక్కయితే ఇనుము ఎవరి హక్కు? ఇప్పుడు తెలంగాణలో "బయ్యారం ఉక్కు తెలంగాణ హక్కు" అంటున్నారు. 2014 విభజన చట్టంలో ఖమ్మం జిల్లాలో ఉక్కు ఫ్యాక్టరీ సంగతి పరిశీలిస్తామని రాశారు. ఆ మాట తప్పారు, అది మోసమే, దాని మీద కొట్లాడాల్సిందే. కానీ బయ్యారం చుట్టూ ఉన్న కోయ గూడేలకు ఆ నినాదంలో చోటెక్కడ? ఆంధ్రుల హక్కు, తెలంగాణ హక్కు. కొండ మీదివాళ్ళ హక్కు అన్న మాట ఏ గోడ మీదా లేదు.

మన వాదన ఇక్కడే తేలిపోవాలి. "మనోళ్ళకి నాలుగు నౌకరీలు" అనే మాటలో ఆ "మన" ఎంత పెద్దది? రిజర్వేషన్ నా హక్కు. దాని కోసం ప్రాణం పెడతాను. కానీ ఇంకొకరి కొండ తీసుకునే పనిలో నాకు వాటా ఇవ్వమని అడగడం హక్కు కాదు. ఊరిలో భూమి పంచేటప్పుడు ఆదివాసీ భూమిని దళితుడికి, దళితుడి భూమిని ఇంకొకడికి పట్టా రాసి మన మధ్య చిచ్చు పెట్టడం ఈ రాజ్యానికి పాత అలవాటు. ఆ పట్టా తీసుకుని మురిసిపోతే మోసపోయేది ఇద్దరం.

*

"అయితే ఏం చేయమంటారు? ఆపగలమా?" అని అడుగుతారు. ఆపారు. ఒకసారి కాదు, చాలాసార్లు.

ఆ కేకే లైను మీదే ఉంది బొర్రా. అక్కడి ఆదివాసీ భూముల్లో గనుల లీజుల మీద సమత అనే సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1997 జులై 11న తీర్పు వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమి అయినా సరే ఆదివాసీయేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల లీజు ఇవ్వకూడదని చెప్పింది. మన రాష్ట్రం భూబదలాయింపు చట్టం మీద నిలబడ్డ తీర్పు కాబట్టి పక్క రాష్ట్రాల వాళ్ళు మాకు వర్తించదన్నారు. ప్రభుత్వ సంస్థలకు ఆ తీర్పు తలుపు తెరిచే ఉంచింది. దాని హద్దులు దానికున్నాయి. కానీ అద్దాల పెట్టెలో కూర్చుని బొర్రా దాటేటప్పుడు, ఆ నేల దేశానికి ఒక న్యాయం నేర్పిందని గుర్తుంచుకోండి.

ఒడిశా నియమగిరిలో 2013లో సుప్రీంకోర్టు "మీ దేవుడి కొండ సంగతి మీరే తేల్చండి" అన్నట్టు నిర్ణయాన్ని గ్రామసభలకు అప్పగించింది. 12 గ్రామసభలు జరిగాయి. 12 కూడా వద్దన్నాయి. కొండ నిలిచింది.

బస్తర్‌లోనే లోహండిగూడలో ఒక పెద్ద ఉక్కు ఫ్యాక్టరీ కోసం పది ఊళ్ళ రైతుల భూమి తీసుకున్నారు. ఫ్యాక్టరీ రాలేదు. జనం వదల్లేదు. 2019లో ఆ భూమి తిరిగి రైతుల చేతికి వచ్చింది. తీసుకున్న భూమి తిరిగి రావడం ఈ దేశంలో ఎంత అరుదో మీకు తెలుసు.

బైలడిల్లాలో కూడా అదే జరిగింది. 13వ నంబరు కొండ తవ్వే పనిని కాంట్రాక్టు మీద అదానీ కంపెనీకి అప్పగించారు. 2019 జూన్‌లో వేలాది ఆదివాసీలు బియ్యం మూటలు, విల్లంబులు పట్టుకుని అడవి దారుల్లో నడిచి వచ్చి కిరండోల్‌లో కంపెనీ గేటు ముందు కూర్చున్నారు. హిరోలీలో 2014లో గ్రామసభ ఒప్పుకుందని కాగితం చూపించారు. "ఆ సభ ఎప్పుడు జరిగింది? మాకెవరికీ తెలియదే" అన్నారు జనం. ప్రభుత్వం పని ఆపి విచారణ వేసింది. ఆ విచారణ కూడా జనం మాటే నిజమని తేల్చింది.

ఆ కాగితం గురించి ఆలోచించండి. 1960లో ఊరిని అడగాల్సిన చట్టం లేదు, అడగలేదు. 1996లో పెసా చట్టం వచ్చింది, 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. ఇప్పుడు అడగాలి. అందుకని అడిగినట్టు కాగితం పుట్టించారు. అంటరానితనం నేరమని చట్టం వచ్చాక మన ఊరి హోటల్లో ఏం జరిగింది? రెండు గ్లాసులు పోయాయి, మన కోసం ప్లాస్టిక్ గ్లాసు వచ్చింది. చట్టాన్ని పాటిస్తూనే చంపే విద్య వీళ్ళకి వెన్నతో పెట్టింది.

*

చివరగా ఇంకొక దారి గురించి చెప్పాలి. ఖనిజం రైల్లో వస్తుంది. మనుషులు నడిచి వస్తారు.

2005లో సల్వాజుడుం మొదలైంది. ఊళ్ళు కాలాయి. వేల కుటుంబాలు దంతెవాడ, బీజాపూర్, సుక్మా అడవుల నుంచి గోదావరి దాటి ఖమ్మం, వరంగల్ వైపు వచ్చాయి. 2011లో సుప్రీంకోర్టు ఆ ప్రయోగాన్ని రాజ్యాంగ విరుద్ధమంది. కానీ వచ్చినవాళ్ళు చాలామంది ఇక్కడే ఉండిపోయారు. మనం వాళ్ళని గొత్తికోయలు అంటున్నాం. గుడిసె వేసుకుంటే అటవీశాఖ పీకేస్తుంది. మన మిరప తోటల్లో కాయ కోసేది వాళ్ళే. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్‌లో, ములుగు వైపు మిరప తోటల నుంచి బీజాపూర్ జిల్లాలో తన ఊరికి నడిచిపోతూ ఒక పన్నెండేళ్ళ పిల్ల ఊరు ఇంకాస్త దూరం ఉందనగా చనిపోయింది. ఆ పిల్ల పుట్టిన నేల దేశానికి రైళ్ళు నడిచే పట్టాలిచ్చింది. ఆ పిల్లకి ఎక్కడానికి బండి లేదు.

తమ్ముడూ, నీ ప్రశ్నకి ఇదీ నా జవాబు.

నేను ఇనుము వద్దనడం లేదు. నేను రాసే ఈ ఫోన్లో కూడా ఎవరి కొండో ఉంది. ఎవరూ ఏమీ తవ్వకూడదని చెప్పే ఆశ్రమవాసిని కాను. నేను చెప్పేది మూడు ముక్కలు. ఒకటి, కొండ ఎవరి కాళ్ళ కింద ఉందో వాళ్ళని ముందు అడగాలి. వాళ్ళు వద్దంటే వద్దే. "వద్దు" అనే వీలు లేనప్పుడు "సరే" అనే మాటకి విలువ లేదు. మన ఆడపిల్లలకి నేర్పుతున్న ఈ పాఠం గ్రామసభకి కూడా వర్తిస్తుంది. రెండు, దయ కాదు, వాటా. ఆ వాటా లెక్క ఊరు చూడాలి, ఖర్చు ఊరు తేల్చాలి. మూడు, పాత గుంట బాకీ తీర్చకుండా కొత్త గుంట తవ్వకూడదు. శంఖిని నీళ్ళు తేటబడకుండా ఇంకో నంబరు కొండ మాట ఎత్తకూడదు.

ఈ మూడింటికీ ఒప్పుకుంటే బయ్యారం గురించి మాట్లాడదాం, విశాఖ సొంత గనుల గురించి మాట్లాడదాం. ఒప్పుకోకపోతే అది అభివృద్ధి కాదు. ఊరి పెద్దలు మన వాడ మీద చేసిన పెత్తనమే, కొత్త పేరుతో. ఈసారి ఊరి పెద్దల పక్కన కూర్చోమని మనకీ ఒక కుర్చీ వేస్తున్నారు. అంతే తేడా. ఆ కుర్చీలో కూర్చోవద్దు.

విద్యార్థి సంఘాల మిత్రులకి ఒక పని. ఈసారి విశాఖ ఉక్కు సభకి, బయ్యారం సభకి వెళ్ళినప్పుడు పాత నినాదం ఇవ్వండి, గట్టిగా ఇవ్వండి. దాని వెనకే రెండోది కూడా ఇవ్వండి: "ఉక్కు మన హక్కు, కొండ వాళ్ళ హక్కు." వేదిక మీదివాళ్ళు ఇబ్బంది పడతారు. పడనివ్వండి. మనం మొదటిసారి మన నీళ్ళు అడిగినప్పుడు కూడా ఇబ్బంది పడ్డారు.

మా మేనమామ రిటైరయ్యాడు. మొన్న ఫోన్లో ఈ వ్యాసం సంగతి చెప్పి, "ఇంకా అలాగే ఉందా మామా?" అని అడిగాను. "బళ్ళు పెరిగాయమ్మా, రెండో లైను కూడా వేస్తున్నారు" అన్నాడు. ఎక్కే బండిలో ఏముంటోందని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు.

జై భీమ్. సేవా జోహార్.

(వచ్చే భాగంలో గొత్తికోయల కులధ్రువీకరణ పత్రాల సంగతి.)